ఏడు లెక్కపెట్టొద్దు, మూడు దెబ్బలు కొట్టు
(కీబోర్డు కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: అన్నా, మా మేనమామ 1986లో కువైట్ నుంచి తెచ్చిన యమహా డీఎక్స్7 కీబోర్డు ఇప్పుడు నా చేతికొచ్చింది. బల్గేరియా పెళ్ళిపాటలంటే నాకు పిచ్చి. వాయించబోతే ఏడు లెక్క తప్పి ఎనిమిదిలోకి పోతోంది. సౌండేమో గంట కొట్టినట్టుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తమ్ముడూ, ముందు తాళం సంగతి చూద్దాం. ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెడుతున్నావు కదా, అది మానెయ్. బల్గేరియా 'రాచెనిత్స'లో నర్తకి కాలికి తెలిసేవి మూడు దెబ్బలే: పొట్టి, పొట్టి, పొడుగు. తక, తక, తకిట. ఎడమ చేత్తో ఆ మూడు చోట్లే బేస్ కొట్టు. చివరి 'తకిట'లో ఒక అక్షరం ఎక్కువ సాగదీస్తున్నావు, అందుకే ఎనిమిదవుతోంది. మాసిడోనియా వాళ్ళ 'లెస్నొతొ'లో పొడుగు దెబ్బ ముందొస్తుంది: తకిట, తక, ధిమి. ఇది మన మిశ్రచాపే, నడక కూడా నిదానం. అందుకని వారం రోజులు లెస్నొతొ వాయించి, తర్వాత రాచెనిత్సకు రా.

ఇక స్వరాలు. వాళ్ళు 'హిజాజ్' అనే వరస కీబోర్డు మీద మన వకుళాభరణమే. రెండు శ్రుతిలో, అంటే డి షడ్జమంగా పెట్టుకో. ఎందుకంటే శుద్ధ రిషభం 'ఈ ఫ్లాట్' (E♭), నల్ల మెట్టు. దాని పక్కనే షడ్జమం, తెల్ల మెట్టు. చూపుడు వేలును నల్ల మెట్టు మీద నుంచి నీ వైపుకు జార్చు, తెల్ల మెట్టు మీద పడుతుంది. రెండు స్వరాలు ఒకే వేలితో, ఒకే ఊపులో పలుకుతాయి. బీ ఫ్లాట్ నుంచి 'ఏ' (A) మీదికి, ఎఫ్ షార్ప్ నుంచి జీ మీదికి కూడా ఇదే జారుడు. క్లారినెట్ వాద్యగాడు ఇవో పాపసోవ్ 1974లో పెట్టిన 'ట్రాకియా' బృందాన్ని విను. అంత వేగంలోనూ ఏ స్వరమూ ఒట్టిగా రాదు, ముందు ఒక చిన్న చురక తగిలించుకునే వస్తుంది. ఆ చురక నీ వేలికి పట్టుబడేదాకా వేగం జోలికి పోవద్దు.

సౌండు విషయానికొస్తే, ఫంక్షన్ బటన్ నొక్కి రెండో బటన్‌తో మోనోలో పెట్టు. సన్నాయికి ఉన్నది ఒక్క గొంతే, నీ కీబోర్డుకూ అంతే ఉండాలి. మూడో బటన్‌తో పిచ్ బెండ్, అంటే స్వరాన్ని వంచే చక్రం (వీల్) ఎంత దూరం జరపాలనే కొలత, 2కు పెట్టు. పంచమం అందుకునేటప్పుడు వీల్‌ను కాస్త కిందికి లాగి వదులు. స్ప్రింగు ఉంది కాబట్టి దానంతటదే మధ్యకొస్తుంది, స్వరం కింది నుంచి ఎక్కినట్టు వినిపిస్తుంది. నేను 22 ఏళ్ళు కడప ఆర్కెస్ట్రాల్లో వాయించాను. పెళ్ళిళ్ళలో సన్నాయి ఆయన పక్కన కూర్చుని, ఆయన బుగ్గలు చూస్తూ ఆ వీల్ తిప్పడం నేర్చుకున్నా. బాల్కన్ ఊళ్ళలో కూడా జుర్నా, తపాన్ అని సన్నాయి డోలు జోడీయే పెళ్ళికొస్తుంది. తపాన్‌కు ఒక పక్క లావు కర్ర, ఇంకో పక్క సన్నటి బెత్తం. నాకు ఆ సంగీతం పరాయిదిగా ఎప్పుడూ అనిపించలేదు.

గంట మోత పోవాలంటే ఐదో ఆల్గరిథం తీసుకో. ఆల్గరిథం అంటే ఆపరేటర్లను, అంటే ధ్వని పుట్టించే భాగాలను, కలిపే అమరిక. ఐదో దాంట్లో అవి జతలు జతలుగా ఉంటాయి. ఒక్క జతే ఉంచి మిగతావి ఆపు. కింది ఆపరేటర్ ఫ్రీక్వెన్సీ 1, పైది 2 పెడితే బేసి హార్మోనిక్సే (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాల్లో బేసి సంఖ్యవి) వస్తాయి. క్లారినెట్ గొట్టం పొడవునా ఒకే లావు, అందుకే కింది స్వరాల్లో దాని గుణం అదే. రెండూ 1 పెడితే అన్ని హార్మోనిక్స్ పలుకుతాయి, అది జుర్నా వైపు పోతుంది. సన్నాయి మాదిరి దాని గొట్టం అడుక్కొచ్చేకొద్దీ వెడల్పవుతుంది కదా. అకార్డియన్ కావాలా? రెండు జతలు ఉంచి, ఒకదాన్ని డీట్యూన్‌తో రవ్వంత పక్కకు జరుపు. ఎన్వలప్‌లో (మోత పెరిగి తగ్గే తీరు పెట్టే చోటు) మాత్రం కీ నొక్కి ఉంచినంతసేపు మోత తగ్గకూడదు. నీకు వినిపించే గంటకు ఆ తగ్గుదల కూడా ఒక కారణం.

ప్రశ్న: నాదీ డీఎక్స్7. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే నేను దాచుకున్న సౌండ్లన్నీ చెదిరిపోతున్నాయి. రిపేరు ఖర్చు చాలా అవుతుందా సార్?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: లేదమ్మా, ముందు బ్యాటరీ అనుమానించండి. లోపల 3 వోల్టుల సీఆర్2032 బిళ్ళ బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది. దాన్ని తీస్తే మిగిలిన సౌండ్లూ పోతాయి. నాదొకటి షాపులో ఇస్తే, చెప్పకుండా బిళ్ళ మార్చారు. రెండేళ్ళు కూర్చుని చేసుకున్న 32 సౌండ్లు పోయాయి, ఇప్పటికీ నాకు బాధే. మీరు ముందు మీ సౌండ్లను కార్ట్‌రిడ్జ్‌లోకి (కీబోర్డుకు తగిలించే మెమొరీ డబ్బీ) గానీ, మిడి కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి గానీ ఎక్కించుకోండి. కొత్త బిళ్ళ కూడా సోల్డర్ చేయించకుండా హోల్డర్ పెట్టించండి, మళ్ళీసారి చేత్తోనే మార్చుకోవచ్చు.