రాజ్‌దూత్‌ని ఎవరూ దాచుకోలేదు

ఒకప్పుడు రోడ్డు మీద ఎటు చూసినా కనిపించి ఇప్పుడు మాయమైపోయిన మోటార్‌సైకిళ్లు ఏవి, ఎందుకు పోయాయి, దొరికితే కొనుక్కోవచ్చా అని అడిగారు. మొదటి ప్రశ్నకు పదిమందిలో తొమ్మిదిమంది యమహా ఆర్‌ఎక్స్ 100 అనేస్తారు. నేను అనను. ఆర్‌ఎక్స్ 100 ఎక్కడికీ పోలేదు. మా గుంటూరులో సాయంత్రం పూట బ్రాడీపేట వైపు వెళ్తే, తాను పుట్టకముందు తయారైన ఆ బండికి కొత్త రంగు వేయించి, సైలెన్సర్ తళతళలాడేలా తుడిచి, అవసరం లేకపోయినా రేజ్ చేస్తూ పోయే కుర్రాడు ఒకడైనా ఎదురవుతాడు. దానికి అభిమానులున్నారు, స్పేర్ పార్టులున్నాయి, బాగున్న బండికి లక్ష పైన అడుగుతున్నారు. అంత గిరాకీ ఉన్నదాన్ని మాయమైందని ఎలా అంటాం?

నిజంగా మాయమైంది రాజ్‌దూత్. తమాషా ఏమిటంటే రెండూ ఇక్కడ తయారుచేసింది ఎస్కార్ట్స్ కంపెనీయే. ఒకదాన్ని జనం నెత్తిన పెట్టుకున్నారు, రెండోదాన్ని తూకానికి అమ్మేశారు.

మా పెదనాన్న నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల్లో పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా పనిచేశారు. ఆయనది రాజ్‌దూత్ 175. పోలండ్‌లో ఎస్‌హెచ్‌ఎల్ అనే బండి ఉండేది, దాని నమూనా తెచ్చుకుని 1962లో ఇక్కడ తయారీ మొదలుపెట్టారు. 173 సీసీ టూ స్ట్రోక్ ఇంజిను, మూడే గేర్లు. ఒంపూ సొంపూ ఏమీ ఉండవు, ఒళ్లంతా ఇనుమే. 1980ల్లో మా వైపు పల్లెల్లో ఈ బండి ఉందంటే ఆ మనిషి పనిమీద తిరిగేవాడని అర్థం. పాలకేంద్రం వాళ్లు, ఎరువుల కొట్టు యజమాని, పత్తి బేరగాడు, సొసైటీ సెక్రటరీ, వీళ్లే దాని మారాజులు. షికారుకి రాజ్‌దూత్ కొన్నవాణ్ని నేను చూడలేదు.

అటొక పాల క్యాను, ఇటొక పాల క్యాను, వెనక సీటు మీద గడ్డిమోపు, ఆ మోపుకి ఆనుకుని ఒక మనిషి. ఇంత మోసుకుని కట్ట ఎక్కేది. వానాకాలంలో మాత్రం దానికీ గండమే. పల్నాడు నల్లరేగడి తెలిసిన వాళ్లకు చెప్పక్కర్లేదు. టైరుకి పట్టిన మట్టి మడ్‌గార్డు లోపల గట్టిపడి, చక్రం తిరగడం ఆగిపోయేది. ఇంజిను అరుస్తూనే ఉంటుంది, బండి కదలదు. పెదనాన్న దిగి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పక్కనున్న తుమ్మచెట్టు నుంచి పుల్ల విరిచి, మడ్‌గార్డు లోపలికి పోనిచ్చి ఆ మట్టిని ముద్దలు ముద్దలుగా లాగేవారు. మళ్లీ వంద గజాలు పోతే మళ్లీ అదే కథ. విసుగొచ్చిన ఒక ఏడాది ముందు మడ్‌గార్డు విప్పించేశారు. ఆ తర్వాత బురదంతా ఆయన మొహానికే. పెద్దమ్మ ఆ చొక్కాలు ఉతకనని మొండికేస్తే వారం తిరక్కుండా మడ్‌గార్డు మళ్లీ బిగించుకున్నారు.

గొప్ప బండేమీ కాదది. బ్రేకులు అంతంతమాత్రం. కిక్కు తిరగబడితే కాలి ఎముక అదిరిపోయేది. లైటు సంగతైతే మరీ ఘోరం. అప్పట్లో చాలా బళ్లకి ఉన్నట్టే ఆరు వోల్టుల కరెంటు, అదీ ఇంజిను వేగాన్ని బట్టే. రేజ్ చేస్తే వెలుగు, తగ్గిస్తే గుడ్డిదీపం. గుంత దగ్గర వేగం తగ్గిస్తాం కదా, సరిగ్గా అప్పుడే గుంత కనపడదు! రాత్రుళ్లు పల్లెల నుంచి తిరిగొచ్చేటప్పుడు పెదనాన్న క్లచ్ పట్టుకుని ఇంజిన్ని ఊరికే అరిపించి, ఆ వెలుగులో గుంత లోతు చూసుకుని, అప్పుడు దాటించేవారు. ఎదురొచ్చేవాళ్లు ఈయనకేదో కోపమొచ్చిందనుకునేవారు.

ఇక ప్లగ్గు. టూ స్ట్రోక్ బండి నడిపినవాళ్లకి దీనితో ఉన్న బంధం ఇప్పటి పిల్లలకి చెప్పినా ఎక్కదు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. బంకులో పెట్రోలు పంపు పక్కనే చిన్న ఆయిల్ పంపు ఉండేది. కుర్రాడు దాని పిడి లాగితే లెక్క ప్రకారం నూనె పడేది, బండిని బట్టి కొలత మారేది. పోసిన తర్వాత బండిని ఆ కాలి మీదికీ ఈ కాలి మీదికీ వంచి ఊపాలి, రెండూ కలవాలిగా. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, నడుస్తున్న బండి ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఎక్కువైతే వెనక పొగ, ప్లగ్గు మీద మసి. మసి పట్టిన ప్లగ్గు నిప్పు కొట్టదు. అందుకే పెదనాన్న టూల్‌బాక్సులో పాత గుడ్డలో చుట్టిన ఇంకో ప్లగ్గు ఎప్పుడూ ఉండేది. చలికాలం పొద్దున బండి మొరాయిస్తే ప్లగ్గు విప్పి, తడిని తుడిచి, మూతికున్న మసిని గరుకు కాగితంతో గీకి, అగ్గిపుల్ల మంట మీద కాసేపు వేడిచేసి, చెయ్యి కాలుతుండగానే బిగించి కిక్కు కొట్టేవారు. అంటుకుంటే నీలం పొగ పశువుల కొట్టం దాకా వెళ్లేది. అంటుకోకపోతే ఇంట్లో పిల్లలందరం తోయడానికి సిద్ధం. ఇంటి ముందు కాస్త పల్లం ఉండటం మా అదృష్టం అని నరసరావుపేట షెడ్డులో మెకానిక్ భాయ్ అనేవాడు.

ఆ భాయ్ చెవితోనే జబ్బు పట్టేసేవాడు. బండి సందు మలుపులో ఉండగానే "కాంపౌండరు గారూ, బోరుకి వచ్చిందండీ, ఇంక ఆపండి" అనేవాడు, అంటే సిలిండర్ అరిగిందని. ప్లగ్గుకి నిప్పు అందించే పాయింట్ల మధ్య సందు సరిచేయడానికి కొలత పట్టీ కాకుండా సిగరెట్టు పెట్టె అట్టముక్క వాడేవాడు. అదేం పద్ధతని అడిగితే "అట్ట కూడా కొలతే బాబూ" అని నవ్వేవాడు.

రాజ్‌దూత్ పనివాళ్లదైతే, యెజ్డీ కాలేజీ వాళ్లది. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి ముందు జావా పేరుతో, తర్వాత యెజ్డీ పేరుతో తయారుచేసి 1996లో మూతపడింది. ఇంజినీరింగు పరంగా నాకు బాగా నచ్చేది ఇదే. దాని గేరు రాడ్డే కిక్కు రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక కిందికి దించితే గేరు. కొత్తవాళ్లకి ఇది తెలియదు కాబట్టి బండి అడిగి తీసుకెళ్లినవాడు పది నిమిషాల్లో నడిపించుకుంటూ వెనక్కి తెచ్చేవాడు. ఇంకో విశేషం, గేరు రాడ్డు కదిలిస్తే క్లచ్ దానంతటదే విడేది. క్లచ్ వైరు తెగినా గేర్లు మార్చుకుంటూ ఇంటికి చేరొచ్చు. సిలిండర్ ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. దాని చప్పుడు విని బుల్లెట్ అనుకునేవాళ్లంటే మాకు జాలి.

మిగతావాటిని గబగబా చెప్పేస్తాను. రాజ్‌దూత్ పేరుతోనే 1983లో వచ్చిన 350 సీసీ రెండు సిలిండర్ల బండి ఈ దేశం రోడ్లకీ జేబులకీ ఎక్కువైపోయి 1989కల్లా ఆగిపోయింది. కావసాకి బజాజ్ కేబీ 100, ఇండ్ సుజుకి మంచి బళ్లే, ఆర్‌ఎక్స్ నీడలో ఉండిపోయాయి. 325 సీసీ డీజిల్ బుల్లెట్ ఉండేది, దాని సత్తా ఆరున్నర హార్స్‌పవర్, అదురు మాత్రం ట్రాక్టరంత. కుడికాలితో గేరు వేసే బుల్లెట్ కూడా పోయినట్టే. స్కూటర్ల మాటకొస్తే మన హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్‌ని ఎంతమంది గుర్తుపెట్టుకున్నారో! లూనా గురించి రాయడం మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ పూర్తికాదు.

ఎందుకు పోయాయి? పొల్యూషన్ రూల్స్ వచ్చి టూ స్ట్రోక్‌లని చంపేశాయని అందరూ అంటారు. అది సగమే నిజం. టూ స్ట్రోక్ ఇంజిన్లో ఇరుసు తిరిగిన ప్రతిసారీ పెట్రోలు మండి ఒక దెబ్బ పడుతుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు తిరుగుళ్లకి ఒకటి. అందుకే ఇంచుమించు ఒకే సైజున్నా 98 సీసీ ఆర్‌ఎక్స్‌కి 11 హార్స్‌పవర్, ఫోర్ స్ట్రోక్ బండి అయిన 97 సీసీ హీరో హోండా సీడీ 100కి సుమారు 7. కానీ టూ స్ట్రోక్‌లో కొత్త పెట్రోలు కొంత కాలకుండానే సైలెన్సర్లోంచి బయటికి పోతుంది, ఆయిల్ ఎలాగూ కాలి పొగవుతుంది. 1991లో మొదలైన నిబంధనలు 1996లో, 2000లో బిగుసుకున్నాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగింది.

అయితే మా ఊళ్లో రాజ్‌దూత్ రోజులు అంతకుముందే దగ్గరపడ్డాయి. దాన్ని చంపింది 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100. లీటరుకి ఎనభై కిలోమీటర్లని ప్రకటన. ఎనభై రాకపోయినా, ముప్పై నలభై ఇచ్చే బండి మీద తిరిగేవాడికి అరవై వచ్చినా పండగే కదా. పైగా ఆయిల్ కలపక్కర్లేదు, ప్లగ్గు గీకక్కర్లేదు, తెల్లచొక్కా తెల్లగానే ఉంటుంది. పెళ్లి మాటల్లో ఇది ఇంకా స్పష్టంగా తెలిసేది. అంతకుముందు "అబ్బాయికి బండి పెట్టాలి" అనేవాళ్లు కాస్తా "హీరో హోండా పెట్టాలి" అనడం మొదలుపెట్టారు. కట్నం లిస్టులో పేరు పోయిన బండి మార్కెట్లో ఎన్నాళ్లు నిలుస్తుంది? పెదనాన్న రిటైరయ్యాక మా అన్నయ్య సీడీ 100 కొన్నాడు. రాజ్‌దూత్ కొట్టంలో కోళ్లు ఎక్కే మంచెగా కొన్నేళ్లు ఉండి, పాత సామాన్లవాడు వచ్చిన రోజున విరిగిన ఇనప మంచంతో, అరిగిపోయిన నాగలి కర్రులతో కలిపి ఒకే కాటా ఎక్కింది. అన్నయ్యని తప్పుపట్టను. పనికోసం కొన్నదాన్ని పని అయిపోయాక అమ్మేయడమే మా ఇంటి పద్ధతి, ఎడ్లబండినీ అలాగే అమ్మారు. ప్రతి ఊళ్లోనూ ఇదే జరిగింది కాబట్టే రాజ్‌దూత్‌లు ఇవాళ కంటికి కనబడవు. ఆర్‌ఎక్స్‌ని కుర్రతనం కోసం కొన్నారు, అందుకే దాచుకున్నారు.

పేర్లు మాత్రం తిరిగొస్తున్నాయి. జావా 2018లో, యెజ్డీ 2022లో మళ్లీ వచ్చాయి, రెండూ ఫోర్ స్ట్రోక్‌లే. చేతక్ 2020లో, లూనా 2024లో కరెంటు బళ్లయ్యాయి. బాగానే ఉన్నాయి, నాకేం ఫిర్యాదు లేదు, కానీ ట్యాంకు మీద పేరు చూసి పాత బండి దొరికిందనుకుంటే మాత్రం నిరాశే.

ఇక కొనే సంగతి. కొనొచ్చు, తొందరపడకండి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిందో లేదో ముందు చూడండి. లేకపోతే ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అంకె అంకె సరిపోల్చండి. ఛాసిస్ మీద నంబరు చుట్టూ గీకిన గుర్తులుంటే బేరం అక్కడితో ఆపేయండి. ఆర్‌ఎక్స్ 100 అని చెప్పి అదే వరస బళ్లయిన ఆర్‌ఎక్స్‌జీకో, ఆర్‌ఎక్స్ 135కో ట్యాంకూ స్టిక్కర్లూ మార్చి అంటగట్టేవాళ్లు చాలామంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండిన బళ్లని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అని వస్తుంది, కానీ రోజువారీ తిరుగుడుకి వాడకూడదు. తొలిరోజుల జావాలకి, రాజ్‌దూత్‌లకి ఇది వర్తిస్తుంది, ఆర్‌ఎక్స్‌కి ఇంకా వయసు రాలేదు.

అన్నిటికంటే ముందు, బండి కాదు, మెకానిక్‌ని వెతుక్కోండి. పాయింట్లు సరిచేయడం, కార్బొరేటర్ ట్యూనింగ్ చేతిలో ఉన్నవాళ్లు అరవై దాటినవాళ్లే ఎక్కువ. అలాంటి మనిషి మీ ఊళ్లో ఉంటే యెజ్డీ కొనుక్కోండి, పార్టులు తంటాలుపడితే దొరుకుతాయి. లేకపోతే ఆర్‌ఎక్స్‌తో సరిపెట్టుకోండి, దాని పని ఇప్పటి కుర్ర మెకానిక్‌లకీ వచ్చు. రాజ్‌దూత్ జోలికి మాత్రం ఇంట్లో మనుషుల ఓర్పు చూసుకుని వెళ్లండి. ఎవరైనా అమ్ముతున్నారని తెలిస్తే నాకూ ఒక మాట చెప్పండి, మా ఆవిడకి కాదు.