సీసాలో మెరిసిన పెరోవ్‌స్కైట్ ఎల్‌ఈడీలో ఎందుకు మసకబారుతుంది?

ప్రశ్న: సీజియం లెడ్ బ్రోమైడ్ అనే పెరోవ్‌స్కైట్ నానో స్ఫటికాలను హాట్ ఇంజెక్షన్ (వేడి ద్రావణంలోకి రసాయనాన్ని ఒక్కసారిగా ఎక్కించే) పద్ధతిలో చేస్తున్నాం. యూవీ టార్చి వేస్తే సీసా పచ్చగా వెలిగిపోతుంది. రెండుసార్లు కడిగాక ఆ వెలుగు బాగా పడిపోతోంది. కడగకుండా ఎల్‌ఈడీలో పూస్తే కరెంటు సరిగా పారడం లేదు. ఏం చేయాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మీ తయారీ బాగానే ఉంది, కడిగే దగ్గరే నష్టం జరుగుతోంది. స్ఫటికాలను అంటిపెట్టుకుని ఉండే ఒలేయిక్ ఆమ్లం, ఒలేయిలమీన్ రెండూ 18 కార్బన్ల గొలుసులు. అవి కరెంటును అడ్డుకుంటాయి, పైగా వాటి పట్టు తక్కువ. ప్రోటాన్ ఒకదాని నుంచి ఇంకొకదానికి మారితే చాలు, రెండూ ఊడిపోతాయి. ఒలేయిలమ్మోనియం (ప్రోటాన్ చేరిన ఒలేయిలమీన్) పోతూపోతూ ఉపరితలంలోని బ్రోమైడ్‌నూ పట్టుకుపోతుంది. ఆ ఖాళీలలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు వెలుగివ్వకుండానే హోల్స్‌తో (ఎలక్ట్రాన్ లేని ధనావేశ స్థానాలతో) కలిసిపోతాయి.

అందుకే కడగడానికి మిథనాల్, ఎసిటోన్ వద్దు. మిథైల్ అసిటేట్‌ను ద్రావణం మబ్బుపట్టేదాకా చుక్కచుక్కగా వేసి, అక్కడితో ఆపి సెంట్రిఫ్యూజ్ చేయండి.

తర్వాత డైడోడెసిల్ డైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ (డీడీఏబీ) పట్టించాలి. 2016లో సౌదీలోని కావుస్ట్ విశ్వవిద్యాలయ బృందం ఎల్‌ఈడీల కోసం చూపిన దారి ఇది. దీని గొలుసులు 12 కార్బన్లవే, వదులుకోవడానికి ప్రోటాన్ లేదు, ఖాళీలు పూడ్చే బ్రోమైడ్‌ను తనతోనే తెస్తుంది. టోలీన్‌లో మిల్లీలీటరుకు 15 మిల్లీగ్రాముల స్ఫటికాలున్న ద్రావణం 1 మి.లీ. తీసుకోండి. ముందుగా 50 మైక్రోలీటర్ల ఒలేయిక్ ఆమ్లం వేసి కలపండి. పాత అమీన్‌కు ప్రోటాన్ ఇచ్చి దాన్ని కదిలించేది ఇదే కాబట్టి వరుస మార్చకండి. ఆపైన 0.05 మోలార్ డీడీఏబీ (మి.లీ. టోలీన్‌కు 23 మి.గ్రా.) 100 మైక్రోలీటర్లు వేయండి. ఇది ఎక్కువైతే స్ఫటికం నుంచి సీజియం బ్రోమైడ్ బయటికి పోయి, వెలగని సీజియం డైలెడ్ పెంటాబ్రోమైడ్ మిగులుతుంది. పచ్చదనం తగ్గి ద్రావణం తెల్లబారితే అనుమానించాల్సింది దాన్నే.

ప్రతి కడుగుడు తర్వాతా ఒకే గాఢతలో వెలుగు వర్ణపటం తీయండి. పీక్ 515 నానోమీటర్ల దగ్గరే ఉండి ఎత్తు తగ్గితే బ్రోమైడ్ ఖాళీలు, ఎరుపు వైపు జరిగితే స్ఫటికాలు అతుక్కుంటున్నాయి.

సీసం కలిసిన వ్యర్థాలను సింకులో పోయకండి, వాటికి వేరే సీసా పెట్టండి.

ప్రశ్న: పాలీ-టీపీడీ (ఎల్‌ఈడీలో హోల్స్‌ను చేరవేసే పాలిమర్ పొర) మీద స్ఫటికాలను పూయగానే మచ్చలు పడుతున్నాయి. ఎందుకు?

జవాబు: టోలీన్ కింది పొరను కరిగిస్తోంది. స్ఫటికాలను ఆక్టేన్‌లోకి మార్చి, మి.లీ.కి 10 మి.గ్రా. చొప్పున, 0.22 మైక్రాన్ల పీటీఎఫ్ఈ ఫిల్టరులో వడకట్టి, 2000 ఆర్‌పీఎం దగ్గర పూయండి. ఎల్‌ఈడీ వెలిగాక పచ్చ పీక్ పక్కన 420 నానోమీటర్ల దగ్గర నీలి పీక్ కూడా కనిపిస్తే, అది పాలీ-టీపీడీ వెలుగు. పొరలో ఇంకా రంధ్రాలున్నాయి, ఎలక్ట్రాన్లు వాటిలోంచి జారిపోతున్నాయి.