ముసలి కుక్క మాత్ర ఉమ్మేస్తుంటే మేం ఏం చేశామంటే

పన్నెండేళ్ల కుక్క నోరు తెరవనివ్వట్లేదు, అన్నంలో కలిపితే మాత్ర ఒక్కటీ వదిలేస్తోంది అని అడిగారు కదా. మాకూ అచ్చం ఇదే జరిగింది.

మాది విశాఖలో పెదవాల్తేరు. మా కుక్క పేరు చిట్టి, పొమేరియన్ జాతి, పదమూడేళ్లది. టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) వచ్చి డాక్టరుగారు 28 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. మొదట్లో మాత్ర నూరి పెరుగన్నంలో కలిపాను. పెద్ద తప్పు. చేదు తగిలేసరికి అంత ఇష్టమైన పెరుగన్నమే ముట్టడం మానేసింది. పైగా పెరుగులోని కాల్షియం వల్ల ఈ మందు ఒంటికి సరిగా పట్టదట. రోజూ తినే గిన్నెలో మాత్రం మందు కలపకండి.

తర్వాత మావారు పట్టుకుంటే నేను నోరు తెరిచి వేసేదాన్ని. బుగ్గలో దాచుకుని, మేం అటు తిరగ్గానే సోఫా కింద ఉమ్మేది. ఒకరోజు టార్చి వేసి చూస్తే వెనక పన్ను కదులుతోంది, చిగురు వాచి ఎర్రగా ఉంది. సరిగ్గా అక్కడే నా వేలు నొక్కుకునేది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ముందు మీరూ పళ్లు చూపించండి.

మాకు పనిచేసింది చేప. జాలారిపేటలో తెచ్చిన వంజరం ముక్క ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముళ్లన్నీ తీసి, గోళీకాయంత ఉండలు చేశాను. రోజుకి నాలుగుసార్లు పెట్టేదాన్ని. మూడుసార్లు ఉత్త ఉండలే, ఒక్కసారే మాత్ర. ఆ పూట కూడా మొదటిది ఉత్తది, రెండోదాంట్లో మాత్ర, మూడోది ఎదురుగా చేతిలో కనబడుతుండాలి. దానికోసం రెండోది నమలకుండా మింగేస్తుంది. ముక్కు నాకిందంటే మింగినట్టే. మాత్ర షీటు చప్పుడు దానికి వినబడకుండా వంటింట్లోనే విప్పుకోండి.

మింగాక నీళ్లు తప్పనిసరి. ఈ మాత్ర గొంతులో అతుక్కుంటే పుండు పడొచ్చు. నేను చేప ఉడికించిన నీళ్లు గిన్నెలో పోస్తే తనే నాకేసేది. సిరంజితో గొంతులోకి చిమ్మకండి, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పీనట్ బటర్ వాడితే జైలిటాల్ (చక్కెరకి బదులు వేసే తీపి పదార్థం) లేనిదే చూసుకోండి, జైలిటాల్ కుక్కలకి విషం. కొన్ని మాత్రలు నూరకూడదు, కొన్ని పరగడుపునే వేయాలి. మీ డాక్టర్ని అడగండి.

చివరి పదిరోజులూ చిట్టి ఒక్క మాత్రా ఉమ్మలేదు. పెరుగన్నం మళ్లీ ముట్టడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.