మెరుపు కింద ఆ ఇద్దరూ ఎవరు?

ప్రశ్న: మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ చదువుతోందండి. జార్జోనే అనే ఆయన వేసిన 'టెంపెస్ట్' పెయింటింగ్ ప్రింట్ తెచ్చి హాల్లో అంటించింది. ఎడమపక్క కర్ర పట్టుకుని నిలబడ్డ కుర్రాడు, కుడిపక్క ఒంటి మీద బట్ట సరిగ్గా లేకుండా బిడ్డకి పాలిస్తున్న ఆవిడ, వెనకాల మెరుపు. వాళ్ళు ఆదాము హవ్వలే అని మా తమ్ముడు, కాదని అమ్మాయి, రోజూ ఇదే గొడవ. ఎవరు కరెక్టు మేడమ్?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ తమ్ముడి మాట కొట్టిపారెయ్యకండమ్మా. 1978లో సెట్టిస్ అనే ఇటలీ పండితుడు అచ్చం ఇదే చెప్పాడు, వాళ్ళు ఆదాము హవ్వలని, ఒళ్ళో పిల్లాడు వాళ్ళ కొడుకు కయీనని, మెరుపు దేవుడి కోపమని. వింటే అన్నీ చక్కగా అతుకుతాయి. కానీ 1530లో మిఖియేల్ అనే ఆయన వెనిస్‌లో ఆ బొమ్మ ఉన్న ఇంటికెళ్ళి చూసి ఏం రాసుకున్నాడో తెలుసా, తుపానుతో చిన్న ల్యాండ్‌స్కేప్, జిప్సీ ఆవిడ, సైనికుడు, అంతే. జార్జోనే పోయి అప్పటికి ఇరవై ఏళ్ళే, అయినా ఆయన ఏ కథ పేరూ రాయలేదు.

ఇంకో సంగతుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది అదే. 1939లో ఎక్స్‌రే తీస్తే ఆ కుర్రాడున్న వైపు అడుగున ఇంకో ఆడమనిషి కనపడింది, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని. మరి ఒకే కథ మనసులో పెట్టుకుని మొదలెట్టినవాడు మనిషినే మార్చేస్తాడా? అందుకే నేను మీ అమ్మాయి వైపే మొగ్గుతాను.

అలాగని గుర్తులకి అర్థం లేదనను. మన అమరావతి శిల్పాలే చూడండి, పాతవాటిలో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు, ఖాళీ ఆసనం, చెట్టు, పాదాలు చెక్కారు, చుట్టూ జనం దండం పెడుతుంటారు. చూసేవాళ్ళకి కథ ముందే తెలుసు కాబట్టి ఖాళీ ఆసనం చాలింది. జార్జోనే బొమ్మలో ఆ కుర్రాడి వెనక విరిగిన స్తంభాలున్నాయి కదా, వాటిని ధైర్యానికి గుర్తన్నవాళ్ళున్నారు, చావుకి గుర్తన్నవాళ్ళూ ఉన్నారు. కథేదో తేలకుండా స్తంభం ఒక్కటే ఏం చెప్తుంది చెప్పండి.

కథ తెలిసిన బొమ్మ కావాలంటే బ్రూగల్ అనే పాతకాలపు చిత్రకారుడు వేశాడని చెప్పే ఇకారస్ బొమ్మ చూపించండి, బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉంది. మైనం రెక్కలు కట్టుకుని ఎగిరి సముద్రంలో పడిపోయిన కుర్రాడు ఇకారస్. బొమ్మంతా వెతికితే కుడిమూల నీళ్ళలో రెండు కాళ్ళు, అంతే! పాత లాటిన్ కావ్యంలో ఓవిడ్ ఏం రాశాడంటే అరక దున్నేవాడూ గొర్రెల కాపరీ చేపలు పట్టేవాడూ ఆకాశంలో ఎగిరే ఇకారస్‌నీ వాళ్ళ నాన్ననీ చూసి దేవుళ్ళేమో అని నోరెళ్ళబెట్టారని. ఇక్కడా ఆ ముగ్గురూ ఉన్నారు, కానీ రైతు కళ్ళు నాగటి చాలు మీదే ఉన్నాయి, ఆ కాళ్ళకేసి తల తిప్పినవాడు లేడు. అర్థం మనిషిలోనే కాదమ్మా, వాడు ఎటు చూస్తున్నాడు, ఎంత దూరంలో ఉన్నాడు అనే దాంట్లో కూడా ఉంటుంది.

ఇప్పుడు మీ హాల్లో బొమ్మ దగ్గరికెళ్ళండి. కుర్రాడు ఆవిడ వైపు చూస్తున్నాడు, ఆవిడేమో మనల్ని చూస్తోంది, మధ్యలో ఏరు. బొటనవేలు అడ్డంపెట్టి ముందు కుర్రాణ్ణి మూసి చూడండి, తర్వాత ఆవిడని. మీ తమ్ముణ్ణి కూడా పిలిచి చూడమనండి, ఏం మారిందో ముగ్గురూ నాకు రాయండి.