ఒహాయోలో వేరేవాళ్ళ పొలంలో జింక వేటకి వెళ్ళాలంటే ఓనర్ సంతకం నిజంగా కావాలా?

మీ ప్రశ్న చదివానండి. కొలంబస్‌లో ఉంటున్నారు, ఆఫీసులో కొలీగ్ వాళ్ళ మామగారికి కోషాక్టన్ వైపు పొలం ఉంది, గన్ సీజన్‌లో, అంటే తుపాకీతో జింకల్ని వేటాడనిచ్చే రోజుల్లో, వచ్చి వేటాడుకోమని ఆయన ఫోన్లోనే చెప్పారు, ఇంకా ఆ పర్మిషన్ ఫారం మీద సంతకం అడగాలా, అడిగితే నా మాట మీద నమ్మకం లేదా అనుకుంటారేమో, పైగా అందులో ఏదైనా జరిగితే బాధ్యత నాదే అని ఉంది కదా నేను సంతకం పెట్టొచ్చా. ఇదే కదా మీ అనుమానం.

అడగాలండి, మొహమాటం లేకుండా అడగండి. ఒహాయోలో ప్రైవేట్ భూమిలో వేటాడాలంటే ఓనర్ రాసిచ్చిన అనుమతి ఉండాలని చట్టమే ఉంది, అది వేటాడే టైంలో మీ ఒంటి మీదే ఉండాలి, వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ గానీ షెరిఫ్ గానీ ఆ ఓనర్ గానీ అడిగితే తీసి చూపించాలి. ఫోన్లో చెప్పిన మాట ఎంత మంచి మనిషి చెప్పినా అక్కడ లెక్కలోకి రాదు. కాగితం లేకుండా దొరికితే మొదటిసారికి 500 డాలర్ల వరకు ఫైన్, 60 రోజుల వరకు జైలు, అది మిస్‌డిమీనర్, అంటే చిన్న స్థాయి నేరం కింద రికార్డులోకి వెళ్తుంది. వీసా మీద ఉన్న మనకి ఫైన్ కంటే ఆ రికార్డే పెద్ద తలనొప్పి, స్టాంపింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ దాని గురించి జవాబు చెప్పుకోవాలి.

ఇక ఆయన ఏమనుకుంటారో అన్న భయం అసలు అక్కర్లేదు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అంటేనే కేసు అన్నట్టు పెరిగాం కాబట్టి ఈ కాగితాల వ్యవహారం మనకి కొత్త, అక్కడి రైతులకి మాత్రం చిన్నప్పటి నుంచీ అలవాటే. నేను వెళ్ళే పొలం ఓనర్ పెద్దాయన, మొక్కజొన్న సోయా వేస్తారు, కొన్ని ఆవులు కూడా ఉన్నాయి. మొదటిసారి ఫారం ప్రింట్ తీసుకుని వెళ్ళి ఇస్తే ఆయన మొహం విప్పారింది, ట్రాక్టర్ బానెట్ మీద పెట్టి సంతకం చేసి, వెనక్కి తిప్పి పెన్సిల్‌తో పొలం బొమ్మ గీశారు. ఇక్కడ ఆవులుంటాయి ఇటు గురిపెట్టొద్దు, ఈ గేటు తీస్తే మళ్ళీ వెయ్యి, ఈ వాగు దాటితే నా భూమి కాదు, పక్కాయన ఫోన్ నంబర్ ఇదీ అని అన్నీ రాశారు. కాగితం అడిగానని చిన్నబుచ్చుకోవడం అటుంచి, పద్ధతి తెలిసినవాడివే అన్నారు. చెప్పకుండా దూరి కంచెలు తెంపేసి పోయేవాళ్ళతో వాళ్ళు విసిగిపోయి ఉంటారండి, అందుకే అడిగి వచ్చేవాళ్ళంటే వాళ్ళకి గౌరవం.

ఆ వెనకాల గీసిన బొమ్మ ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది. ఒకరోజు సాయంత్రం నేను కొట్టిన జింక అక్కడికక్కడ పడలేదు, వాగు దాటి పక్కాయన చెట్లలోకి పోయింది, ఎండుటాకుల మీద రక్తపు చుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, చీకటి పడిపోతోంది. అలాంటప్పుడు కాలు ఆగదు, నాలుగడుగులే కదా అనిపిస్తుంది. కానీ ఒహాయో చట్టంలో కాల్చడం చంపడంతో పాటు వెంబడించడం అనే మాట కూడా ఉంది, అంటే దెబ్బతిన్న జంతువు వెనక వేరేవాళ్ళ భూమిలోకి వెళ్ళాలన్నా వాళ్ళ రాతపూర్వక అనుమతి కావాలి. గట్టు మీదే నిలబడి ఆ నంబర్‌కి ఫోన్ చేశాను, ఆయన టార్చ్ పట్టుకుని వచ్చారు, నా దగ్గర ఎప్పుడూ ఇంకో ఖాళీ ఫారం ఉంటుంది కాబట్టి దాని మీద సంతకం పెట్టి, తుపాకీ ఇక్కడే కారులో పెట్టేసి రా అని, నాతో పాటు తనే వెతికారు. దెబ్బతిన్న ప్రాణిని అలా రాత్రంతా వదిలేయడం నాకు భరించలేని విషయం, అందుకే చెప్తున్నా, పక్క పొలం వాళ్ళ నంబర్ ముందే తీసి పెట్టుకోండి, వీలైతే వాళ్ళ సంతకం కూడా సీజన్ ముందే తీసుకోండి.

సంతకం ఎవరు పెడుతున్నారన్నది చాలామంది చూసుకోరు. ఓనర్ పెట్టాలి, లేదా ఆయన అధికారం ఇచ్చిన మనిషి పెట్టాలి. మీ కొలీగ్ అల్లుడు అయినంత మాత్రాన సరిపోదు. అక్కడ చాలా పొలాలు కౌలుకి నడుస్తుంటాయి, ట్రాక్టర్ మీద కనిపించిన మనిషి కౌలు రైతు అయ్యుండొచ్చు. భూమి రికార్డులు ఉండే కౌంటీ ఆడిటర్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఆ భూమి ఎవరి పేరు మీద ఉందో, హద్దులు ఎక్కడో మ్యాప్‌తో సహా ఫ్రీగా కనిపిస్తుంది, అది చూసి అదే పేరు ఫారంలో ఉందో లేదో సరిచూసుకోండి. తేదీలు ఖాళీగా వదలొద్దు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని రాయించుకోండి. ఇద్దరు వెళ్తే ఇద్దరికీ వేరువేరు కాగితాలు. ట్రీ స్టాండ్, అంటే చెట్టుకి కట్టుకుని కూర్చునే మంచె, పెట్టుకోవచ్చా అని కూడా అప్పుడే అడగండి, చెట్లకి మేకులు కొడితే చాలామంది ఒప్పుకోరు. ఫారం డిపార్ట్‌మెంట్ ఆఫ్ నేచురల్ రిసోర్సెస్ సైట్‌లో దొరుకుతుంది, జిప్‌లాక్ కవర్లో పెట్టుకుంటే మంచులో తడవదు. నన్నొకసారి ఆఫీసర్ రోడ్డు పక్కన కారు దగ్గర ఆపి లైసెన్స్, డీర్ పర్మిట్, ఈ కాగితం మూడూ అడిగాడు, చూశాడు, గుడ్ లక్ చెప్పి వెళ్ళిపోయాడు, రెండు నిమిషాల పని.

బాధ్యత సంగతి. అక్కడి చట్టం ప్రకారం, డబ్బు తీసుకోకుండా మిమ్మల్ని వేటకి రానిస్తే ఆ భూమిని మీ కోసం సురక్షితంగా ఉంచాల్సిన బాధ్యత ఓనర్‌కి లేదు. అంటే మీరు గుంటలో కాలు పెట్టి విరగ్గొట్టుకున్నా ఆయన మీద కేసు నిలబడటం కష్టం, ఆ ఫారంలో మీరు సంతకం పెట్టినా పెట్టకపోయినా పరిస్థితి దాదాపు అదే. అందుకే నేను పెట్టడానికి వెనకాడను. ఇంకోటి, మంచి మనసుతోనే అయినా చేతిలో నోట్లు పెట్టబోకండి. నేను క్రిస్మస్‌కి స్వీట్లు పట్టుకెళ్తాను, అంతే. కానీ ఆయన డిపార్ట్‌మెంట్ ఫారం కాకుండా లాయర్ రాసిన రెండు మూడు పేజీల అగ్రిమెంట్ ఇస్తే మాత్రం నిదానంగా చదవండి. మీ వల్ల పశువులకో కంచెకో నష్టం జరిగితే మీరు కట్టాలి అనడం న్యాయమే, ఎవరి వల్ల ఎవరికి ఏం జరిగినా మీరే కట్టాలి అన్నట్టు ఉంటే సంతకానికి ముందు లాయర్‌కి చూపించండి.

చివరగా మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. గ్రీన్ కార్డ్ అయితే ఇబ్బంది లేదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటివైతే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ మీ దగ్గర ఉండటమే నేరం, ఏదో ఒక స్టేట్ ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే దానికి మినహాయింపు ఉంది. కొలీగ్ తుపాకీ ఒక్క పూట తీసుకున్నా ఇదే రూల్. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి లైసెన్స్ తీసుకోండి, దాని ఎక్స్‌పైరీ తేదీ ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి, అది చేతికి వచ్చాక మీ కొలీగ్ మామగారి దగ్గరికి ఫారం పట్టుకుని వెళ్ళండి. గన్ సీజన్ థాంక్స్‌గివింగ్ అయిన తర్వాతి సోమవారం మొదలవుతుంది, అక్టోబర్‌లోనే వెళ్ళి పగటిపూట ఆయనతో కలిసి పొలం ఒకసారి నడిచి రండి, కోతల హడావిడి ఉంటుంది కాబట్టి ముందు ఫోన్ చేసి వెళ్ళండి.