ఆ మొదటి నిమిషంలో ఏం చూడాలి?

ప్రశ్న: అక్కా, అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసే ఈఎంటీగా చేరి నాలుగు నెలలైంది. పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చాయి కానీ, అంబులెన్స్ దిగి పేషెంట్ దగ్గరికి వెళ్లేసరికి చుట్టూ జనం, ఏడుపులు, అందరూ ఒకేసారి మాట్లాడటం... ఆ టెన్షన్‌లో చదివిందేదీ గుర్తు రాదు. వెంటనే బీపీ పట్టీ తీసి చుట్టేస్తాను. మొన్న అలాగే బీపీ చూస్తూ కూర్చుంటే, పేషెంట్ గొంతులో గురగుర వస్తోందని మా సీనియర్ వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆయన వెంటనే గొంతులో చేరినదాన్ని పీల్చేసే సక్షన్ పెట్టారు, పేషెంట్ బతికారు. నాకు మాత్రం రెండు రోజులుగా నిద్ర లేదు.

జవాబు: తమ్ముడూ, ఇంకెప్పుడైనా ఎవరి గొంతులోనైనా ఆ గురగుర వస్తే ముందు వినేది నువ్వే, అది మాత్రం నమ్ము. నువ్వు బీపీ పట్టీ దగ్గరికి ఎందుకు వెళ్తున్నావంటే, అది నీ చేతులకు బాగా అలవాటైన పని. భయం వేసినప్పుడు చేతులు తెలిసిన పనినే వెతుక్కుంటాయి, నాకూ మొదటి ఏడాది అంతే. అందుకే పట్టీకి ముందు చేయాల్సిన పనులను కూడా చేతులకు అంతే అలవాటు చేయాలి, ఆలోచించి గుర్తు చేసుకోవాల్సిన అవసరం రాకుండా.

ఆ చోటు మనకు క్షేమమేనా అన్నది ఎలాగూ ముందే చూసుకుంటావు. తర్వాత పది అడుగుల దూరం నుంచే పేషెంట్‌ని చూడటం మొదలుపెట్టు: ఎలా కూర్చున్నారు, ఒంటి రంగు ఎలా ఉంది, ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తున్నారా, రక్తం ధారగా పోతోందా. రక్తం అలా పోతుంటే మిగతావన్నీ ఆగుతాయి, ముందు అదే ఆపాలి. లేదంటే పక్కన కూర్చుని, మణికట్టు మీద వేళ్లు పెట్టి "ఏమైందండీ?" అని అడుగు. ఆ మనిషి ఆగకుండా, అర్థమయ్యేలా ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే గొంతు దారి తెరిచే ఉంది, ఊపిరి ప్రస్తుతానికి సరిపోతోంది, మెదడుకు రక్తం అందుతోంది అని ఆ ఒక్క జవాబుతోనే తెలుస్తుంది. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుంటే అదీ అప్పుడే తెలుస్తుంది. ఈలోగా నీ వేళ్లకు పల్స్ వేగం, చర్మం చల్లగా ఉందా, చెమట పట్టిందా అన్నవి అందుతాయి. జవాబే రాకపోతే, గురగుర, గురక లాంటి శబ్దం వినిపిస్తే, అక్కడే ఆగి ముందు ఆ దారి సరిచెయ్యి. సక్షన్ పెద్దవాళ్లకైనా ఒక్కసారికి 15 సెకన్లు మించొద్దు, ఎందుకంటే అంతసేపూ వాళ్లకు గాలి అందదు.

ఊపిరి లెక్క గురించి గట్టిగా చెప్పాలి. చాలామంది అంచనాగా 18 అనో 20 అనో రాసేస్తారు, దయచేసి నువ్వు అలా చేయకు. పల్స్ చూస్తున్నట్టే వేళ్లు ఉంచి, పేషెంట్‌కి చెప్పకుండా, 30 సెకన్లు ఛాతీ చూసి లెక్కపెట్టి రెట్టింపు చెయ్యి. చెప్పి లెక్కపెడితే వాళ్ల ఊపిరి తీరే మారిపోతుంది. పెద్దవాళ్లకు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20. నిజంగా లెక్కపెట్టిన 28, అన్నీ బాగున్నట్టు కనిపించే మనిషి దిగజారుతున్నాడని చాలాసార్లు మిగతా అంకెలకన్నా ముందే చెప్పేస్తుంది.

బీపీని పూర్తిగా నమ్మొద్దని నాకు నేర్పింది ఒక కుర్రాడు. బండి మీంచి పడ్డాడు, పైకి పెద్ద గాయం లేదు, బీపీ పై అంకె 118. నేను ఊరట పడ్డాను. పల్స్ 124 ఉంది, చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి, భయపడ్డాడేమో అనుకున్నాను. దారిలో బీపీ ఒక్కసారిగా పడిపోయింది, కడుపులో రక్తస్రావం. శరీరం రక్తనాళాలను బిగించి, గుండెను వేగంగా కొట్టించి బీపీని చాలాసేపు నిలబెడుతుంది. పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం రక్తం పోయేదాకా పై అంకె పడకపోవచ్చు, పిల్లల్లో ఇంకా ఆలస్యంగా పడుతుంది. గుండె జబ్బుకో బీపీకో అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో ఆ పల్స్ కూడా పెరగకపోవచ్చు, కాబట్టి మందుల చీటీ తప్పకుండా అడుగు. ఒకసారి చూసి వదిలేయకు. పరిస్థితి బాగాలేనివాళ్లను 5 నిమిషాలకోసారి, నిలకడగా ఉన్నవాళ్లను 15 నిమిషాలకోసారి మళ్లీ మొదటి నుంచి చూడాలి.

ప్రశ్న: మేడమ్, మద్యం వాసన వస్తూ తికమకగా మాట్లాడే పేషెంట్‌కి కూడా షుగర్ చూడాలా? మా టీమ్‌లో "తాగాడు, పడుకోబెట్టండి" అంటారు.

జవాబు: చూడాలండీ, ప్రతిసారీ చూడాలి. స్పృహ తేడాగా ఉన్న ఎవరికైనా గ్లూకోమీటర్ తీయాల్సిందే. అసలు మద్యమే షుగర్‌ని పడేయగలదు, ఎందుకంటే కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారుచేయడాన్ని అది అడ్డుకుంటుంది. పైగా తాగి పడిపోయినవాళ్లకు తలలో దెబ్బ కూడా తగిలి ఉండొచ్చు, వాసన వచ్చినంత మాత్రాన అది లేకుండా పోదు. 70 కన్నా తక్కువుంటే షుగర్ పడినట్టే. మింగగలిగే స్పృహ ఉంటేనే నోటి ద్వారా గ్లూకోజ్ ఇవ్వండి. మగతగా ఉన్నవాళ్ల నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

షుగర్ పడినప్పుడు ఒక పక్క చేయి, కాలు పనిచేయకపోవడం కూడా ఉండొచ్చు, అచ్చం పక్షవాతంలాగే. షుగర్ బాగుండి, నవ్వమంటే మూతి ఒక పక్కకి వెళ్తూ, ఒక చేయి కిందికి జారుతూ, మాట ముద్దగా వస్తుంటే అప్పుడు ఇంట్లోవాళ్లను ఒక ప్రశ్న జాగ్రత్తగా అడగండి. ఎప్పుడు పడిపోయారని కాదు, చివరిసారి మామూలుగా ఉండగా ఎప్పుడు చూశారని. పొద్దున లేచేసరికే అలా ఉంటే, రాత్రి పడుకున్న టైమే రాసుకోవాలి. పక్షవాతానికి ఇచ్చే, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలు గడువు నాలుగున్నర గంటలు, దాన్ని ఆ టైమ్ నుంచే లెక్కేస్తారు.

ప్రశ్న: గుండె నొప్పి అంటే చాలు అందరికీ ఆక్సిజన్ పెట్టేస్తున్నాం. సరైనదేనా?

జవాబు: అందరికీ అక్కర్లేదు. 2017లో స్వీడన్‌లో 6,629 మంది మీద వచ్చిన డెటోటూఎక్స్ పరిశోధనలో, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు అదనంగా పెట్టినా ఏడాదిలో మరణాలు తగ్గలేదు. 90 కన్నా తక్కువున్నా, ఆయాసపడుతున్నా మీ ప్రోటోకాల్ ప్రకారం పెట్టండి. ముఖ్యంగా ఒకచోట, ఆ శాతం చూపే ఆక్సిమీటర్‌ని నమ్మకండి: మూసిన గదిలో పొగ పీల్చినవాళ్లు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదువుతుంది, తెర మీద 99 కూడా కనిపించొచ్చు. వాళ్లకు అంకె ఎంతున్నా మాస్క్‌తో పూర్తి ఆక్సిజన్ పెట్టి, బయలుదేరండి.