బొమ్మల పుస్తకం: 32 పేజీల లెక్క

ప్రశ్న: పిల్లల కథ ఒకటి రాసి, దానికి 21 బొమ్మలు రంగులతో సహా పూర్తిచేశాను. ప్రచురణకర్తకి చూపిస్తే ‘32 పేజీల్లోకి సర్దుకుని రండి’ అన్నారు. ఈ 32 ఎక్కడి లెక్క? వేసిన బొమ్మలు పనికొస్తాయా?

జవాబు: అది అచ్చుయంత్రం లెక్క. పెద్ద కాగితానికి రెండువైపులా అచ్చువేసి, మడిచి, అంచులు కోస్తే 16 పేజీల ఫారం వస్తుంది. అలాంటివి రెండు కుడితే 32. ఇంకో రెండు పేజీలు కావాలన్నా కనీసం ఇంకో సగం ఫారం, అంటే 8 పేజీలు, ఎక్కించాలి, అందులో చాలా కాగితం వృథా. అందుకే 24, 32, 40 అని ఎనిమిదేసి చొప్పున పెరుగుతాయి.

ఆ 32లో అన్నీ కథకు దక్కవు. 1వ పేజీ పుస్తకం పేరుకి, 2 ప్రచురణ వివరాలకి, 3 అంకితానికి పోతే, 4–5 నుంచి 30–31 దాకా 14 జంట పేజీలు, చివర ఒక ఒంటి పేజీ మిగులుతాయి. అట్టకి అతికే లోపలి కాగితాలు కూడా ఇదే ఫారాల్లోంచి తీస్తే జంటలు 12కి పడిపోతాయి. ఏ పద్ధతో ముందే అడగండి.

ఇప్పుడు బొమ్మల్ని పక్కనపెట్టి (మనసొప్పదు, నిజమే) 8 తెల్లకాగితాలు తీసుకోండి. ఒకదానిమీద ఒకటి పేర్చి సగానికి మడిస్తే 32 పేజీల డమ్మీ తయారు. పేజీలకి నంబర్లు వేసి, కథని ముక్కలుగా కత్తిరించి అతికించండి. 700 మాటల కథైతే జంటకి సుమారు 50 మాటలు. ఒకచోట 6, ఇంకోచోట 80 పడినా తప్పులేదు. ముఖ్యం పేజీ తిప్పే చోటు. తలుపు తట్టిన చప్పుడు కుడిపేజీ చివర ఉండాలి, తట్టినదెవరో తిప్పాక ఎడమపేజీలో కనబడాలి. రెండూ ఎదురెదురుగా పడ్డాయా, మీరు చదివేలోపే పిల్లల కళ్లు బొమ్మమీద వాలిపోతాయి.

డమ్మీ కుదిరాక బొమ్మలు ఏరండి. జంట పేజీలకు పరిచే బొమ్మలో నడిమి మడతకి ఇటూ అటూ 1.5 సెం.మీ. మేర మొహాలు, అక్షరాలు ఉండకూడదు, బైండింగ్ మింగేస్తుంది. బయటి అంచుల్లో రంగు 3 మి.మీ. అదనంగా పారాలి, లేకపోతే కటింగ్ కాస్త జరిగినా తెల్లగీత తేలుతుంది. అంచుల సంగతి కంప్యూటర్లో కొంత సరిచేయొచ్చు. మడతలో పడ్డ మొహాన్ని మాత్రం మళ్లీ వేయాల్సిందే.

ప్రశ్న: నీటిరంగుల్లో వేసిన ఆకాశం అచ్చులో బూడిదరంగులోకి దిగింది. తప్పు ప్రెస్సుదా?

జవాబు: చాలాసార్లు కాదు. కంప్యూటర్ తెర మూడు రంగుల కాంతితో చూపిస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాలతో అద్దుతుంది. మెరిసే నీలాలు, ఆకుపచ్చలు, నారింజ ఆ సిరాలకు పూర్తిగా అందవు. నిగారింపు లేని కాగితమైతే సిరా పీల్చుకుని ఇంకా మందగిస్తుంది. పలచటి తొలిపూతలు స్కానర్లోనే ఎగిరిపోతుంటాయి కాబట్టి, స్కాన్ చేశాక అసలు బొమ్మని పక్కన పెట్టుకుని సరిచూడండి. అచ్చుసైజులో అంగుళానికి 300 చుక్కలు కావాలి: 20 సెం.మీ. బొమ్మని 25కి పెంచేటట్టైతే కనీసం 375తో స్కాన్ చేయాలి. పుస్తకానికి వాడబోయే కాగితం మీదే నమూనా అచ్చు అడగండి. తెరమీద చూసి ‘సరే’ అనేస్తే తర్వాత వాదించడానికేం ఉండదు.

ప్రశ్న: కథ అక్షరాలు బొమ్మలోనే చేత్తో రాయొచ్చా?

జవాబు: వద్దు. అక్షరాలు విడిగా, నలుపులోనే ఉంటే వేరే భాషలో వేసేటప్పుడు నలుపు ప్లేటు (నల్లసిరాని అద్దే అచ్చురేకు) ఒక్కటి మారిస్తే చాలు. బొమ్మలో కలిపేస్తే ఆ చోటంతా మళ్లీ గీయాలి. దుకాణం బోర్డు మీద పేరుకీ ఇదే వర్తిస్తుంది. వాక్యాలకు వదిలే ఖాళీ అవసరం కన్నా పావువంతు ఎక్కువే వదలండి. తెలుగైతే వత్తులు కిందికి దిగుతాయి, వరుసల మధ్య ఎడం మరికాస్త కావాలి.